తనిఖీ బల్ల

పొద్దున్నుంచీ నా బల్ల మీదికి
కత్తులు వస్తూనే ఉన్నాయి.
అట్టవి, నురుగువి, వెండిరంగు పూసిన ప్లాస్టిక్‌వి.
మొనలు వేలితో నొక్కి చూస్తాను,
గొడ్డళ్ళ బరువు చేత్తో తూస్తాను,
పచ్చ చీటీ కట్టి లోపలికి పంపుతాను.

వూచ్ నగరం, అక్టోబరు శనివారం.
ఒకప్పుడు నూలుమిల్లు ఈ హాలు,
ఇవాళ వేషాల సంత.
డ్రాగన్ తోక తలుపులో ఇరుక్కుంటే
ఇద్దరు మాంత్రికులు వెనకనుంచి నెడుతున్నారు.

పదకొండింటికి బోగ్నా వచ్చింది,
ట్రామ్ షెడ్డులో వైర్లు అతికే పిల్ల.
నుదుటి బంగారు రంగు చెమటకి కారుతోంది.
పక్కన వాళ్ళ అమ్మమ్మ, గెనొవేఫా.
బల్ల మీద డాలు పెట్టింది.
డాలంటే డాలూ కాదు:
ఒక చట్రం, మధ్యలో మోటారు,
దానికో జానెడు పుల్ల,
పుల్ల మీద ఆవగింజలంత దీపాలు నలభై.
వేళ్ళు తెగకుండా
పైన కేకు డబ్బా మూత.

"ఇదేం ఆయుధం?"
"ఆగండి," అని మీట నొక్కింది.

పుల్ల మాయం.
దాని చోట ఒక కన్ను తెరుచుకుంది.
ఆకుపచ్చ కనుపాప
రెప్ప వాల్చి, ఎత్తి, నన్ను చూసింది,
ఏ తెరా లేని వట్టి గాలిలోంచి.
పన్నెండేళ్ళుగా అబద్ధపు కత్తులు చూస్తున్నవాణ్ణి
కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

చిన్నప్పుడు చలిమంటలోంచి కొరివి లాగి
చీకట్లో గిరగిరా తిప్పేవాళ్ళం.
నిప్పు ఒక్క చుక్కే. చక్రం మన కంటిది.
పోయినదాన్ని వెంటనే పోనివ్వదు కన్ను,
రెప్పపాటైనా పట్టుకు వేలాడుతుంది.
బోగ్నా కట్టిందంతా
ఆ పట్టు మీదే.

కానీ వణుకుతోంది ఆ కన్ను,
ఎవరో నీళ్ళలో రాయి వేసినట్టు.
"రాత్రి మూడింటిదాకా కూర్చున్నాను,
కోడ్ సరే, అయస్కాంతం సరే,
సెన్సారు ప్రతి చుట్టూ లెక్కపెడుతోంది..."
అమ్మమ్మకి ఇవేవీ వినబడవు.
ఇరవై ఆరేళ్ళు ఇవే గోడల మధ్య
కదుళ్ళ మోత ఆమె చెవులు తినేసింది.
నా బల్ల మీద అరచెయ్యి ఆనించింది,
పిల్లాడి జ్వరం చూసినట్టు.
కళ్ళు మూసుకుంది.

"ఒక పక్క బరువు," అంది,
హాలంతా తిరిగి చూసేంత గట్టిగా.
"కదురైతే ఈపాటికి దారం తెగేది."
మూత తీయించి
కోటు కింది గుండీ పుటుక్కున తెంపి
పుల్ల రెండో కొసకి అతికించమంది.
నా చీటీల టేపు ఇచ్చాను.
నిబంధనల్లో లేదు.

మళ్ళీ మీట.
కుండలో నీళ్ళు తేటపడ్డట్టు
కన్ను నిలిచింది.
ముసలామె చాలాసేపు చూసింది.
తర్వాత ఆపమని సైగ.
వేగం తగ్గేకొద్దీ కన్ను చీలికలై, గీతలై,
చివరికి పుల్ల.
"ఇంతేనా?"
ఇంతేనని మనవరాలు తలూపింది.
ఎందుకో గాని ఆమె
కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

సాయంత్రం బహుమతి
ఎవరిదో ఎలుగుబంటి వేషానికి పోయింది.
బోగ్నాని ఫోన్లలో తీసినవాళ్ళు వందమంది.
ఏ ఫోటోలోనూ కన్ను లేదు,
నల్లటి గుండ్రంలో
కోసిన పుచ్చముక్కంత పచ్చ వెలుగు, అంతే.
నా ఫోన్లోనూ అంతే.
రేపు చెబితే మా ఇంట్లో ఎవరు నమ్ముతారు.

తొమ్మిదింటి ట్రాములో వాళ్ళు నా ఎదుటి సీట్లో.
గుండీ లేనిచోట కోటుని పిడికిట బిగించి
అమ్మమ్మ కునుకుతోంది.
మలుపులో డాలు బోగ్నా ఒళ్ళోంచి జారి
దాని అయస్కాంతం వెళ్ళి ఇనప కమ్మీకి కరుచుకుంది.
రెండు చేతులా లాగింది. రాలేదు.
సాయం పట్టనా అన్నాను.
"ఉండనివ్వండి," అంది,
"దిగేటప్పుడు చూద్దాం."